ముక్కూ మొహం తెలియని వాళ్ళకి మనసులో మాట చెప్పుకోవడం, మీలో ఎవరికైనా అనుభవం ఉందా?

నైట్‌షిఫ్ట్ నాని

రాత్రి డ్యూటీలో పని లేనప్పుడు పోస్ట్‌సీక్రెట్ అనే వెబ్‌సైట్ చూడ్డం అలవాటైపోయింది ఈ మధ్య. తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్తా. ఫ్రాంక్ వారెన్ అని అమెరికాలో మేరీల్యాండ్‌లో ఒకాయన, మెడికల్ డాక్యుమెంట్లు చేరవేసే చిన్న బిజినెస్ చేసుకునేవాడు, 2004 నవంబర్‌లో తన అడ్రస్ అచ్చేయించిన 3,000 పోస్ట్‌కార్డులు పట్టుకుని వాషింగ్టన్‌లో మెట్రో స్టేషన్ల దగ్గరా అక్కడా ఇక్కడా దారినపోయే వాళ్ళకి పంచాడు. లైబ్రరీ పుస్తకాల మధ్యలో కూడా పెట్టొచ్చాడు. మీ రహస్యం ఒకటి దీని మీద రాసి నాకు పోస్ట్ చేయండి అని. రూల్స్ రెండే, రాసేది నిజమై ఉండాలి, అంతకుముందు ఎవ్వరికీ చెప్పి ఉండకూడదు. పేరు అక్కర్లేదు. ఏదో ఆర్ట్ ఎగ్జిబిషన్ కోసం మొదలెట్టాడు కానీ ఎగ్జిబిషన్ అయిపోయాక కూడా కార్డులు రావడం ఆగలా. ఆయన పంచినవి అయిపోతే జనం సొంతంగా బొమ్మలు అతికించి కార్డులు చేసుకుని మరీ పంపడం మొదలెట్టారు. 2005 జనవరి 1 నుంచి వాటిల్లో కొన్ని ఆన్‌లైన్‌లో పెడుతున్నాడు, ఆదివారం ఆదివారం కొత్తవి వస్తాయి, మొత్తం పది లక్షలు దాటాయి.

కొన్ని చూస్తే నవ్వొస్తుంది. కాఫీ షాపులో పనిచేసే వాళ్ళెవరో, మర్యాద లేకుండా మాట్లాడే కస్టమర్లకి కెఫీన్ తీసేసిన కాఫీ పోస్తా అని కాఫీ కప్పు మీదే రాసి పంపారు 😂 కొన్ని చూస్తే నోట మాట రాదు. 2001 సెప్టెంబర్ 11కి ముందు నన్నెరిగిన వాళ్ళందరూ నేను చచ్చిపోయాననే అనుకుంటున్నారు అని ఒక కార్డు, అంతే, ఇంకో ముక్క లేదు.

నా డౌట్ ఏంటంటే ఎక్కడో ఎవరో రాసుకున్నది చదివితే హైదరాబాద్‌లో కూర్చున్న నాకెందుకు మనసు తేలికవ్వాలి? నేను ఏమీ చెప్పుకోలేదు కదా అసలు. చదివానంతే.

గోదారి గట్టు

ఆయ్, మన దగ్గర కార్డు ముక్క మీద రహస్యం రాస్తే అడ్రస్సుకి చేరేలోపు పోస్ట్‌మాన్ చదివి, టీ కొట్టు వాడు విని, చివరికి మన ఇంటికే తిరిగొస్తుందండీ 😀 కవరుకి డబ్బులు దండగని కార్డు రాసేవాళ్ళం కానీ అందులో 'ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను' తప్ప ఇంకేం రాసే ధైర్యం ఉండేది కాదు. జోకులు పక్కన పెడితే మంచి టాపిక్ ఎత్తారు, తీరిగ్గా రాస్తా.

మేరీల్యాండ్ మామి

నాని గారూ మీరు చెప్పిన కార్డులు నేను ఎదురుగా చూశాను. 2015లో వాషింగ్టన్ యూనియన్ స్టేషన్ పక్కన స్మిత్సోనియన్ వాళ్ళ పోస్టల్ మ్యూజియంలో ఎగ్జిబిషన్ పెట్టారు, ఇండియా నుంచి చుట్టాలొస్తే తిప్పడానికి తీసుకెళ్ళా, వాళ్ళు స్టాంపులు చూసి వెళ్ళిపోదాం అన్నారు, నేను మాత్రం అక్కడే ఉండిపోయా. స్క్రీన్ మీద చూడ్డం వేరు దగ్గర్నుంచి చూడ్డం వేరు అమ్మా. పెన్ను గట్టిగా నొక్కి రాస్తే కార్డు గుంట పడుతుంది చూడండి, అది కనపడుతుంది. ఒక మాట కొట్టేసి పైన ఇంకో మాట రాసుంటారు. దాని మీద పోస్టాఫీసు ముద్ర. ఇంకో సంగతి, మామూలుగా మ్యూజియంలో ఎవరి దారి వారిది కదా, అక్కడ మాత్రం నా పక్కన నిలబడ్డావిడ ఒక కార్డు చదివి నా వైపు చూసింది, నేనూ చదివి ఆవిడ వైపు చూశా, ఇద్దరం ఏమీ అనుకోలేదు, పక్క కార్డుకి మాత్రం కలిసి వెళ్ళాం.

మీ ప్రశ్నకి జవాబు అదేనేమో. చెప్పుకున్న వాళ్ళకే కాదు చదివే వాళ్ళకీ తోడు దొరుకుతుంది. మా అమ్మగారి రోజుల్లో ఆంధ్రప్రభ వీక్లీలో మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' ఉండేది, దశాబ్దాల పాటు నడిచింది. మా అమ్మ ఒక్క ఉత్తరం కూడా రాసి ఎరగదు కానీ వీక్లీ రాగానే ముందు తెరిచేది ఆ పేజీయే. చదివి, 'పాపం ఈ పిల్లకీ అంతేనట' అని పైకే అనేది. ఆ 'కీ' లో ఏముందో మేము ఎప్పుడూ అడగలేదు.

లాయర్ సుబ్బు

ఎవరూ నన్ను తిట్టకండి కానీ ఇదంతా కొంచెం ఎక్కువ చేస్తున్నారనిపిస్తోంది. ఒకటి, అవి నిజమని గ్యారంటీ ఏంటి? పేరు లేదు ఊరు లేదు, ఎవడైనా ఏదైనా రాయొచ్చు. 'అందరూ నేను చచ్చిపోయాననుకుంటున్నారు' అనేది ఎవడో కుర్రాడు హాస్టల్ రూంలో కూర్చుని రాసుండొచ్చు. రెండు, చదివి అయ్యో అనుకుని తర్వాతి దానికి వెళ్ళిపోవడాన్ని కనెక్షన్ అంటే ఎలా? నాకు కష్టమొస్తే ఆ అయ్యో అన్నవాడు హాస్పిటల్‌కి వస్తాడా? మూడు, పేరు దాచుకునే సౌకర్యం ఇస్తే మనవాళ్ళు ఏం చేస్తారో, పేరు లేకుండా మెసేజ్‌లు పెట్టే ఆ సరాహా యాప్ టైంలో చూశాం కదా.

వరంగల్ వాసి

సరాహా అన్నరు కాబట్టి చెప్తున్న. 2017 ఆగస్టుల నేను ఇంజనీరింగ్ ఫైనలియర్. ఒక్క వారంల క్లాసు మొత్తం లింకులు పెట్టుకున్నరు, మొదట్ల అంతా నవ్వులే, నువ్వంటే ఇష్టం అని ఒకడు, నీ షర్టు బాగుంటది అని ఒకడు. తర్వాత మా క్లాసుల ఒక పిల్లకు ఎవడో దాని రంగు మీద రాసుడు మొదలుపెట్టిండు, రోజూ. క్లాసులో అరవై మందిమి ఉంటిమి, ఎవడో తెల్వదు, అందరి మొహాలు చూసుకుంట కూసునేది పాపం, ఆఖరికి క్లాసుకే వచ్చుడు బంద్ చేసింది. 2018 ఫిబ్రవరిల ఆపిల్, గూగుల్ రెండూ తీసేసినయ్ దాన్ని, ఆస్ట్రేలియాల ఒక అమ్మ తన బిడ్డకు అసొంటివే వచ్చినయని పిటిషన్ పెట్టిందట.

కానీ సుబ్బన్నా, నువ్వు రెండూ ఒకే గాటన కడుతున్నవ్. సరాహాల పేరు దాచుకున్నోడు ఇంకొకని గురించి రాస్తడు. పోస్ట్‌సీక్రెట్‌ల పేరు దాచుకున్నోడు తన గురించే రాసుకుంటడు. అక్కడ దెబ్బ ఎదుటోనికి, ఇక్కడ విప్పుకునేది తన గాయం. పేరు లేకపోవుడు రెండింట్ల ఒక్కటే కావచ్చు గానీ పని పూరా వేరే.

నిజమా అబద్ధమా అంటవా, చదివేటోనికి అది తన సంగతే అయినప్పుడు రాసినోడు అబద్ధమాడిండా లేదా అని ఎవడు చూస్తడన్నా.

మేరీల్యాండ్ మామి

వరంగల్ వాసి చెప్పింది కరెక్టే కానీ అదే ఫ్రాంక్ వారెన్‌కి కూడా చేదు అనుభవం అయింది. 2011 సెప్టెంబర్‌లో ఫోన్ యాప్ తీసుకొచ్చాడు, జనం ఎగబడ్డారు, లక్షల్లో సీక్రెట్లు. అందులో కొంతమంది బెదిరింపులూ బూతు బొమ్మలూ పెట్టడం మొదలెడితే వడపోయడం వాళ్ళ వల్ల కాలేదు, కొత్త సంవత్సరం వచ్చేసరికి మూసేశాడు. కార్డుకి ఆ గోల లేదు. కూర్చుని రాయాలి, స్టాంపు అంటించాలి, లేచి డబ్బా దాకా నడవాలి. కోపం మీద ఉన్నవాడు అంత దూరం నడవడు 🙂

ఫిరంగిపురం పిల్ల

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతా, ఇవాళే మొదటిసారి రాస్తున్నా. మాది కతోలిక కుటుంబం. పాపసంకీర్తనం, అంటే చేసిన తప్పులు ఫాదర్ గారికి చెప్పుకోవడం, మాకు చిన్నప్పట్నుంచీ అలవాటే, జాలీ ఉన్న చెక్క అడ్డం, అవతల ఫాదర్ గారు, చెప్పుకున్నది ఆయన ప్రాణం పోయినా బయటపెట్టకూడదు, అది చర్చి నియమం. కానీ ఊళ్ళో ఏమవుతుందంటే ఆ ఫాదరే పొద్దున ఇంటికొచ్చి భోంచేస్తారు, మన గొంతు ఆయనకి తెలుసు, మన దగ్గు కూడా తెలుసు. అందుకని మా నాయనమ్మ, ఆవిడ ఈడు వాళ్ళందరూ పెద్ద పండగకి వేరే ఊళ్ళ నుంచి ఫాదర్లు వచ్చిందాకా ఆగేవాళ్ళు. తెలిసిన ఫాదర్ దగ్గర లైనే ఉండదు, కొత్తాయన దగ్గర చాంతాడంత. నాయనమ్మని అడిగితే 'ఆయన రేపు వెళ్ళిపోతాడు, నా మూట కూడా పట్టుకుపోతాడు' అనేది. మా ఆయన హిందువు, ఆయనకి ఇది చెప్తే అర్థం కాలేదు, ఈ థ్రెడ్ చూపిస్తా ఇప్పుడు.

నైట్‌షిఫ్ట్ నాని

మీ నాయనమ్మ గారి మాట సూపరండీ. నిన్న రాత్రి కొంచెం చదివా దీని మీద. కొలంబియా యూనివర్సిటీలో మైకేల్ స్లెపియన్ అని ఒకాయన రహస్యాల మీదే పనిచేస్తాడు. ఆయన లెక్కలో ఒక్కో మనిషి సగటున 13 రకాల రహస్యాలు మోస్తుంటాడు, అందులో 5 ఎవ్వరికీ ఎప్పుడూ చెప్పనివి. ఇంకా ఏంటంటే మనల్ని తినేసేది జనం ముందు దాచడం కాదంట, అది అరుదుగా వస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు బుర్ర దాని చుట్టూ తిరుగుతూ ఉంటుంది కదా, అది దాదాపు రెండింతలు ఎక్కువసార్లు జరుగుతుందట, నలిపేసేది అదే. నాకు టక్కున అర్థమైపోయింది ఎందుకు రాత్రిళ్ళే ఇవి చదువుతున్నానో.

సుబ్బు గారూ హాస్పిటల్‌కి రావాల్సిన అవసరం లేనివాడికే చెప్పగలం అండీ. వచ్చేవాడికి చెప్పలేం. అదే కదా చిక్కు.

గోదారి గట్టు

సరే ఇప్పుడు నా వంతు. రాజమండ్రిలో ఎక్కి విశాఖ వెళ్తున్నానండి, పగటి బండి, ఎదురు సీట్లో పెద్దావిడ, డెబ్భై పైనే ఉంటాయి, ఒక్కర్తే. బత్తాయి ఒలిచి సగం నాకిచ్చింది, వద్దంటే ఊరుకోలేదు. ఏం బాబూ ఏం చేస్తుంటావు అంది, బ్యాంకులో అన్నా. అంతే, అటూ ఇటూ చూసి చేతిసంచీలోంచి ఒక చీర తీసి, చీర మడతల్లోంచి పాలిథిన్ కవరు తీసి, అందులోంచి పాస్‌బుక్కు తీసి ఇది సరిగ్గా ఉందా చూడు అంది. పింఛను డబ్బులూ, పాలు అమ్మిన డబ్బులూ, ఏళ్ళ తరబడి వేసుకొచ్చింది, రెండు లక్షల చిల్లర ఉంది. ముగ్గురు కొడుకులంట, ఒక్కడికీ తెలీదంట. ఎందుకమ్మా దాచారు అంటే, నేను అడగాల్సింది కాదేమో కానీ అడిగేశా, 'దాచలేదు బాబూ, నాది అని ఒకటుండాలని' అంది. నామినీ ఎవరూ లేరు, అది మాత్రం చెప్పా, నామినీ పేరు రాయించుకోండమ్మా లేకపోతే తర్వాత మీ వాళ్ళు కాళ్ళరిగేలా తిరగాలి అని. ఆలోచించి, పనిచేసే పిల్ల పేరు రాయొచ్చా అంది. రాయొచ్చు, కానీ నామినీ చేతికి డబ్బు వస్తుంది గానీ వారసులు అడిగితే పేచీ వస్తుంది, వీలునామా కూడా రాయండి అన్నా. తునిలో దిగిపోయింది. పేరు అడగలేదు ఆవిడా నేనూ కూడా. కానీ ఒక్కటి గమనించానండి, పాస్‌బుక్కు చూపించేటప్పుడు వంగిపోయి గుసగుసలాడుతున్న మనిషి, దిగేటప్పుడు కూలీతో బేరం ఆడుతుంటే ప్లాట్‌ఫారం అంతా వినపడింది.

లాయర్ సుబ్బు

నామినీ సంగతి కరెక్ట్‌గా చెప్పారు 👍

అజ్ఞాత_2

ఈ థ్రెడ్ కోసమే కొత్త ఐడీ తీశా. ఊరు చెప్పను, ఆడో మగో కూడా చెప్పను.

మా ఇంట్లో పెద్దాయన పక్షవాతం వచ్చి చాలా ఏళ్ళు మంచం మీదే ఉన్నారు. ముక్కులో గొట్టం, సిరంజితో జావ పోయడం, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, నడుం దగ్గర పుండుకి డ్రెస్సింగ్. కింద గాలి పరుపు, దానికో మోటారు, అది పగలూ రాత్రీ గుయ్ మంటూనే ఉంటుంది, కరెంటు పోయినప్పుడు ఆగిపోతే ఆ నిశ్శబ్దానికే మెలకువొచ్చి పరిగెత్తేదాన్నో పరిగెత్తేవాడినో. చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ నీ పుణ్యం ఊరికే పోదు అనేవాళ్ళు, అని కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆయన పోయిన రోజు నాకు ఏడుపు రాలా. తీసుకెళ్ళాక అందరూ బయట ఉంటే నేను లోపలికెళ్ళి ఆ మోటారు ప్లగ్గు పీకేసి పక్క గదిలో చాప మీద పడుకున్నా. లేచేసరికి మర్నాడు తెల్లారిపోయింది. లేవగానే నాకు సంతోషంగా ఉంది. రిలీఫ్ అని మర్యాదగా అనొచ్చు కానీ కాదు, సంతోషమే. ఆయనంటే నాకు ప్రాణం, అదీ నిజమే, రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నాకు తెలీదు. పదకొండో రోజు చుట్టాలావిడ ఒకావిడ నా చెయ్యి పట్టుకుని నువ్వు లోపల ఎంత కుమిలిపోతున్నావో నాకు తెలుసు అంది. తల ఊపా. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు, ఇది ఇంటి గుట్టు కూడా కాదు, ఇంట్లో వాళ్ళకే తెలియని గుట్టు.

ఏం చెప్పాలని ఏం లేదు ఎవరూ. సలహాలు వద్దు.

ఫిరంగిపురం పిల్ల

చదివానండి.

వరంగల్ వాసి

నేను గూడ.

సీమ మిరప

నేను ఇంతకుముందు రాయలేదు ఈడ. మా అమ్మ మంచం మీదనే ఉండాది ఇప్పుడు. నువ్వు చెప్పినావే మోటారు సద్దు, అది నేను రాస్తా ఉంటే ఇప్పుడు గూడా వినపడతా ఉండాది. ఒక్కోసారి రాత్రిపూట ఎప్పుడు పోతాదా అనిపిస్తాది నాకు, మళ్ళా పొద్దున తల దువ్వేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటాది, అప్పుడు నన్ను నేనే తిట్టుకుంటా. ఈ మాట మా ఇంటోళ్ళతో అంటే మనిషివేనా అంటారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది అని ఊరుకుంటి. నువ్వు సంతోషం అని రాసినావు చూడు, ఆ మాట చదివి బయటికి పోయి వాకిట్లో కూచుని వచ్చినా.

నైట్‌షిఫ్ట్ నాని

1980లో న్యూయార్క్‌లో అలన్ బ్రిడ్జ్ అనే ఆర్టిస్టు ఇలాంటిదే ఒకటి పెట్టాడు, అపాలజీ లైన్ అని. మాన్‌హటన్ గోడల మీద కాగితాలు అంటించాడు, తప్పు చేసినవాళ్ళు ఫోన్ చేసి పేరు చెప్పకుండా క్షమాపణ చెప్పుకోండి అని. ఆయన అనుకుంది దొంగలూ అలాంటివాళ్ళు చేస్తారని. ఆన్సరింగ్ మెషీన్ మీద రికార్డయ్యేవి. తర్వాత ఏమైందంటే ఫోన్ చేసినవాళ్ళు వేరేవాళ్ళవి వినొచ్చు, వాటికి జవాబు వదలొచ్చు అని పెట్టాడు, ఇక చూడండి, జనం ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఫోన్ చేయడం మొదలెట్టారు. 1995లో ఆయన చనిపోయిందాకా నడిచింది. పైన రెండు పోస్టులు చదివాక అది గుర్తొచ్చింది, అంతే.

లాయర్ సుబ్బు

నేను పైన అన్నది వెనక్కి తీసుకోను, ఆ కార్డులు ఎన్ని నిజమో నాకిప్పటికీ తెలీదు. ఇక్కడ రాసినవాళ్ళిద్దరి గురించీ నాకు ఆ డౌట్ లేదు.

కానీ పని మీద చెప్పే మాట ఒకటుంది, అందరూ వినండి. విస్పర్ అని యాప్ వచ్చింది 2012లో, పేరు లేకుండా రహస్యాలు చెప్పుకునేది. 2020లో బయటపడింది, వాళ్ళ డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా లేకుండా నెట్‌లో తెరిచి ఉంది, పోస్టుతో పాటు వయసు, సొంతూరు, ఫోన్ ఎక్కడుండగా పోస్ట్ చేశారో ఆ లొకేషన్ కూడా. పేర్లు లేవు కానీ ఇవన్నీ ఉంటే పేరెందుకు? సీక్రెట్ అని ఇంకోటి 2014లో వచ్చి 2015కల్లా మూసేశారు. అది ఫోన్‌లో ఉన్న కాంటాక్టుల రహస్యాలు పేరు లేకుండా చూపించేది, సెక్యూరిటీ వాళ్ళు ఏం చేశారంటే దొంగ కాంటాక్టులు కొన్ని, మధ్యలో ఒక్క అసలు మనిషి ఈమెయిల్ పెట్టి అకౌంట్ తీశారు, ఇంక కనపడే రహస్యం ఎవరిదో చెప్పక్కర్లేదు కదా. కాబట్టి రాయండి, కానీ జబ్బు పేరు, ఉద్యోగం, ఊరు, పిల్లల క్లాసు ఇవన్నీ ఒకే పోస్టులో పెట్టకండి. ఒక్కొక్కటి విడిగా ఏం కాదు, కలిపితే మనిషి దొరుకుతాడు.

మోడరేటర్

సుబ్బు గారు చెప్పింది పిన్ చేస్తున్నా. అజ్ఞాత_2 గారిని, సీమ మిరప గారిని ఊరు అడుగుతూ మెసేజ్‌లు పెడుతున్నవాళ్ళు ఆపండి, మంచి ఉద్దేశమే అయినా సరే. ఫోన్‌లో మాట్లాడాలి అనుకుంటే టెలీ మానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో పెట్టింది, ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మేరీల్యాండ్ మామి

ఫోన్ చేస్తే పెద్ద డాక్టరే మాట్లాడాలని ఏం లేదు. 1953లో లండన్‌లో చాడ్ వారా అనే పాస్టర్ గారు సమారిటన్స్ అని, చనిపోవాలనిపించేవాళ్ళ మాట వినే సంస్థ మొదలెట్టినప్పుడు కష్టాల్లో ఉన్నవాళ్ళు ఆయన్ని కలవడానికి వచ్చి వరసలో కూర్చునేవాళ్ళు, ఊరికే ఉండడమెందుకని మామూలు వాలంటీర్లు వాళ్ళకి టీ కాఫీలు ఇచ్చి పక్కన కూర్చునేవాళ్ళు. కొన్నాళ్ళకి చూస్తే చాలామంది ఆ టీ ఇచ్చినవాళ్ళకే చెప్పుకుని, ఆయన్ని కలవకుండానే ఇంటికి వెళ్ళిపోతున్నారు! ఆయన తెలివైనవాడు, వాలంటీర్లనే అసలు పనికి పెట్టేశాడు.

గోదారి గట్టు

బత్తాయి, టీ. లెక్క కుదిరింది.

అజ్ఞాత_2

సీమ మిరప గారూ, అమ్మగారికి మడమల దగ్గర ఎర్రబడిందా చూశారా? మాకు నడుం సంగతే చూసుకుంటూ మడమలు పట్టించుకోలేదు, గాలి పరుపు ఉందిలే అనుకున్నాం.

సీమ మిరప

ఇప్పుడే పోయి చూసినా. ఎడమ మడమ ఎర్రగా ఉండాది, పుండు లేదు. ఒత్తి చూస్తే ఎరుపు పోలేదు.

అజ్ఞాత_2

ఒత్తినా పోకపోతే రేపు డాక్టర్‌కో నర్సుకో చూపించండి. ఈలోపు మడమ కింద కాదు, పిక్క కింద దిండు పెట్టండి పొడుగ్గా, మడమ పరుపుకి తగలకుండా గాల్లో ఉండాలి. మోకాలు మరీ తిన్నగా బిగుసుకోకుండా కొంచెం వంగి ఉండేలా చూసుకోండి. అక్కడ రుద్దకండి, నూనె రాసి మర్దనా చేయమని ఎవరైనా చెప్తారు, ఎర్రబడిన చోట వద్దు.

సీమ మిరప

మా పిన్నమ్మ అదే చెప్తా ఉండె, నూనె రాయమని. సరే రాయను. దిండు సన్నది చాలునా?

అజ్ఞాత_2

మడమ పరుపుకి తగలకుండా ఉంటే చాలు. దిండు లేకపోతే దుప్పటి నాలుగు మడతలు పెట్టినా చాలు.